అత్త నేర్పిన కర్ర

1957 జూలై 8, సోమవారం

పాఠాలు చెప్పడానికి బడికి పోలేదు. వరసగా మూడో రోజు. తలనొప్పి అని పెద్దయ్యవారికి చీటీ రాసి పంపాను. తలనొప్పి లేదు. కుడి మణికట్టు మీద నాలుగు వేళ్ల గుర్తులు, పచ్చబడుతున్నాయి.

గురువారం బడి నుంచి వస్తుంటే వాగు దగ్గర చెన్నయ్య అడ్డం నిలబడ్డాడు. బడి ఉన్న పల్లె మునసబుకు తమ్ముడు. "మీ గూడెమోళ్లు ఎప్పటి నుంచి గొడుగేసుకుంటా ఉండారు? చెప్పులిడిసి చేత పట్టుకో." నేను పక్కకు తప్పుకోబోయాను. చెయ్యి పట్టుకున్నాడు. గొడుగు వాగులో పడింది. గట్టు మీద గొర్లు కాసేవాళ్లెవరో కేకేస్తే వదిలాడు.

అత్తకు చెప్పలేదు. ఆమె అడగలేదు కూడా. కానీ నేను చేద పట్టుకుంటే వచ్చి లాక్కుంటోంది.

జూలై 9

చెప్పేశాను. దొడ్డిలో మేకలకు ఆకు వేస్తూ. అత్త అంతా విన్నది. తర్వాత అడిగింది — "వాడు కుడిచెయ్యి పట్టుకుంటే ఎడమచెయ్యి ఏం జేస్తా ఉండాది?"

ఏమీ చేయలేదు, పైట పట్టుకుని ఉంది అన్నాను.

"అదే" అంది. మళ్లీ ఆకు వేసింది.

జూలై 10

బడికి పోయాను. అత్త మేకలను ఆ దారినే తోలింది, వాగు దాటేదాకా. అటువైపు మేత లేదని ఇద్దరికీ తెలుసు.

జూలై 14, ఆదివారం

ఆయన దొనకొండ నుంచి వచ్చారు. రైలు పట్టాల గ్యాంగులో వారమంతా పని. ప్రార్థన వేళకు ఇంట్లో ఉంటారు. సంగతి విని లేచి నిలబడ్డారు, కూర్చున్నారు, మళ్లీ లేచారు. "ఉద్యోగం ఇడిసిపెట్టు. దొనకొండలో గది జూస్తా." కోపం కాదది. భయం.

అత్త: "మనింట్లో సదువుకున్నది అదొక్కతే. ఇడిసిపెట్టమంటావేందిరా?"

"మరేం జెయ్యాల్నమ్మా?"

"కర్ర నేర్చుకుంటాది."

ఆయన నవ్వారు. అత్త నవ్వలేదు.

జూలై 15

అత్తకు కర్రసాము వచ్చునని నాకు తెలియదు. ఆమె కొడుక్కే తెలియదు! వాళ్ల నాయన కంభంలో ఒక సాయిబు దగ్గర నేర్చుకుని పీర్ల పండగకు తిప్పేవాడట. కొడుకులు లేరు. ఉన్న ఒక్క కూతురికి నేర్పాడు. మరి పెళ్లయ్యాక? అని అడిగాను.

"పెండ్లయినాంక ఎవురికి జూపించాల? మేకలకా?"

ముప్పై ఏళ్లు ఈ ఇంట్లో ఎవరికీ చెప్పకుండా దాచుకుంది. దాచుకున్నట్టు కూడా లేదు. ఎవరూ అడగలేదు, అంతే.

జూలై 17

కర్ర ఇంకా చేతికి రాలేదు. అడుగులే. దొడ్డిలో బూడిదతో గీతలు గీసింది — ముందుకు, వెనక్కు, పక్కకు, తిరుగు. తెల్లారకముందు మొదలుపెడితే ఎండ పొడిచేదాకా. నేను తప్పితే నాలుక చప్పరిస్తుంది. బడిలో నేను పిల్లల మీద చప్పరించినట్టే... ఇకమీద మానుకోవాలి.

జూలై 22

ఇచ్చింది. వెదురు, నిలబెడితే నా చెవి దాకా. పొయ్యి పైన పొగలో ఆరి, ఆముదం తాగి నల్లబడింది. మొదటి తిప్పుకే నా చెవి నేనే కొట్టుకున్నాను. అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. అయినా నవ్వు వినపడింది.

జూలై 25

మోకాలు. మోచెయ్యి. ఎడమ భుజం. ఉప్పు కాపడం. "రేప్పొద్దునకు తగ్గుతాదిలే." తగ్గదు.

జూలై 28, ఆదివారం

తల దువ్వుకుంటుంటే ఆయన కంట పడింది — భుజం మీద అరచేయంత కమిలిన మచ్చ. బయటికి పోయారు. నేను వెంట పోయేసరికి ఆయన అత్త ఎదుట నిలబడి ఉన్నారు.

"అమ్మా, దీన్ని నువ్వు కొట్టినావా?"

"కొట్టినా. కాసుకోమంటే కాసుకోలా."

ఆయన ముఖం చూసి నాకు నవ్వాగలేదు. నేను నవ్వడం చూసి ఆయనకు మరీ అయోమయం. చివరికి దొడ్డిలోకి తీసుకుపోయి చూపించాను — నాలుగు అడుగులు, ఒక తిప్పు. కర్ర జారి మేకల తొట్టిలో పడింది. ఆయన తీసి, నీళ్లు తుడిచి, నా చేతికిచ్చారు. దొనకొండ గది మాట మళ్లీ రాలేదు.

ఆగస్టు 3

పాస్టరు అయ్యగారు వచ్చారు. బెంచీ అంచున కూర్చుని గొంతు సవరించుకుని, కోడలు కూడా దేవుని బిడ్డే మార్తమ్మా, అని మొదలుపెట్టారు. గూడెంలో మాట పుట్టిందట — మార్తమ్మ తెల్లారుజామున లేచి కోడల్ని కర్రతో బాదుతోందని, టీచరమ్మ కుంటుకుంటూ బడికి పోతోందని.

అత్త పూర్తిగా వినింది. "నిజమే అయ్యగారూ. నిన్న మూడు తగిలినాయి. మొన్న ఏడు." నా వైపు తిరిగి, "తగ్గినాయిలే" అంది.

నేను విషయం చెప్పేదాకా అయ్యగారు ఉడుకు కాఫీ గ్లాసు పట్టుకుని అట్లాగే ఉన్నారు. పోతూ పోతూ గుమ్మంలో ఆగి, మెల్లగా, ఆ అడుగు ఎట్లా వేస్తారమ్మా అని అడిగారు.

ఆగస్టు 8

ఒక్కటీ తగల్లేదు. అత్త కర్ర కిందపెట్టి, నా చెమట తన కొంగుతో తుడిచింది. మెచ్చుకోలేదు. మధ్యాహ్నం సంగటిలోకి వేరుశనగ పచ్చడి, నా ఒక్కదానికే.

చెప్పినవి రాసి పెట్టుకుంటున్నాను: కళ్లు వాడి భుజం మీద ఉండాల. గట్టిగ పట్టుకుంటే చెయ్యి సస్తాది. వాడు ఎనక్కి పోతే నువ్వు ముందుకు పోగాకు. ఆఖరిది మూడుసార్లు చెప్పింది.

ఆగస్టు 15, గురువారం

బడిలో జెండా. మూడో తరగతి రంగమ్మ పాట మధ్యలో మరచిపోయి, ముందు పళ్లు లేని నోటితో నన్ను చూసి నవ్వింది. చెన్నయ్య కూతురు. 'ల'ను అద్దంలో చూసినట్టు తిప్పి రాస్తుంది. రోజూ నా కుర్చీ తుడుస్తుంది, వద్దన్నా వినదు. ఆ పిల్ల ముఖంలో వాళ్ల నాయన పోలికలు వెతుకుతాను అప్పుడప్పుడు. కనపడతాయి. ఏం చేయను?

ఆగస్టు 19, సోమవారం

అత్త కాలికి ముల్లు దిగి వాచింది. ఒక్కదాన్నే పోయాను. వచ్చేటప్పుడు వాగు దగ్గర వాడు.

"ఇప్పుడు కర్ర గూడానా?"

నేర్చుకున్నదంతా పోయింది. తిప్పులు, కాసుకోడాలు, ఏవీ గుర్తుకు రాలేదు. కాళ్లు మాత్రం వాటంతట అవే పక్కకు వేశాయి. వాడు చెయ్యి చాపాడు. ఆ మణికట్టు మీద కొట్టాను. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడు. చెయ్యి పొట్టకు అదుముకుని వంగాడు.

ఇంటికి ఎట్లా వచ్చానో తెలియదు. అత్త మంచం మీది నుంచే నా ముఖం చూసింది. "ఎన్ని?" అని అడిగింది.

ఒకటి, అన్నాను.

ఆగస్టు 20

ఇక్కడైనా నిజం రాసుకోవాలి. రెండు. మొదటి దెబ్బకు వాడు వెనక్కి పోయాడు. దారి వదిలాడు. పోవచ్చు నేను. పోలేదు. ముందుకు వేసి మళ్లీ కొట్టాను, పొట్టకు అదుముకున్న ఆ చేతి మీదే. వాడు చిన్నపిల్లవాడిలా అరిచాడు. నాకు బాగుండింది. అదే రాయలేకపోతున్నాను... బాగుండింది.

ఆగస్టు 23

రంగమ్మ నాలుగు రోజులుగా రావడం లేదు. కుర్చీ మీద దుమ్ము.

ఆగస్టు 26

పెద్దయ్యవారు చెప్పారు: చెన్నయ్య బండి మీది నుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడట, పిల్లను ఇంట్లోనే పెట్టుకున్నారట. నా కర్ర వైపు చూసి, వెంటనే కిటికీ వైపు చూశారు. పల్లెలో బావి దగ్గర ఆడవాళ్లు దారిచ్చారు. అంతకు ముందు ఇచ్చేవాళ్లు కాదు. సంతోషించాలి కదా.

ఆగస్టు 30

అత్తకు చెప్పాను. కాలికి వేపాకు నూరి కట్టు కడుతూ, తల దించుకుని.

"తెలుసులే. కర్ర రెండు తావుల చిట్లింది. నేను జూడనా?"

"మరి అడగలేదే?"

"నువ్వు జెప్పాల గద, నేనడగడమేంది."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కట్టు మీద నా చెయ్యి పట్టుకుని, "వానికి తగలాల్సిందే తగిలింది. రెండోది నీకూ తగిలిండాది. అంతే సుగుణా" అంది. చాలాసేపు వదల్లేదు.

తర్వాత, "పిల్లేం జేసింది?" అంది. అది నన్ను అడగలేదు. దూలం వైపు చూసి అంది.

సెప్టెంబరు 2, సోమవారం

బడి మొదలు కాకముందు చెన్నయ్య ఇంటికి పోయాను. కర్ర తీసుకుపోలేదు. వాగు దాటేటప్పుడు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. అత్త కుంటుకుంటూ గట్టు దాకా వచ్చి అక్కడే కూర్చుంది, పిలిచినా ఇవతలికి రాలేదు.

వాళ్ల గడప బయటే నిలబడ్డాను. లోపలికి రమ్మనరని తెలుసు. వాడే వచ్చాడు. చెయ్యి గుడ్డలో కట్టి మెడకు వేలాడుతోంది, వేళ్లు వాచి ఉన్నాయి. చూడకుండా ఉండలేకపోయాను.

"పిల్లను బడికి పంపండి" అన్నాను. ఇంకేదో అనాలి. రెండో దెబ్బ గురించి. నోట్లోకి వచ్చింది, బయటికి రాలేదు.

వాడు పొమ్మనలేదు. గడపలోంచి పక్కకు జరిగాడు — నన్ను చూడలేకో, వెనకున్న పిల్లకు దారివ్వడానికో. రంగమ్మ తొంగి చూసింది. నవ్వలేదు. నా చేతుల వైపు చూసింది, రెండూ ఖాళీవేనా అన్నట్టు. లోపలికి పరుగెత్తింది.

ఎంతసేపు నిలబడాలి? బడి గంట వినపడింది, వచ్చేశాను.

ఇప్పుడు పది దాటింది. మూడో తరగతి ఎక్కాలు చదువుతోంది. హాజరు పట్టీలో అందరికీ గుర్తులు పెట్టాను. ఆ ఒక్క పేరు ఎదుట ఇంకా ఏమీ వేయలేదు.