తలక్రిందులైన రాళ్ళ పెట్టెలు

గౌలిపుర,
ఆదివారం ఉదయం

పూజ్యులైన మల్లయ్య అన్నగారి పాదాలకు నమస్కరించి తమ్ముడు నర్సయ్య వ్రాస్తున్నాను. ఇక్కడ నేను కులాసా. మీ మోకాలి నొప్పి తగ్గిందా? వదినగారి ఆరోగ్యం ఎలా ఉందో తెలియజేయగలరు. పాలవారి ఇంట్లో అద్దెగది సౌకర్యంగానే ఉంది. మజ్జిగకు లోటు లేదు. జొన్నరొట్టెలు నేనే కాల్చుకుంటున్నాను, గుండ్రంగా మాత్రం రావడం లేదు.

రాత్రిబడిలో చదివి ఈ వయసులో పట్టా పొందిన నాకు రాళ్ళ పరిశోధన కార్యాలయంలో గిడ్డంగి బాధ్యత అప్పగించారని లోగడ వ్రాశాను. ఉద్యోగం అప్పటికింకా ఖాయం కాలేదు.

పూర్వయుగాల్లో సముద్రపు లోతుల్లోనూ నదులవంటి కాలువలు ఉండేవట. ప్రవాహం ఉద్ధృతంగా ఉన్నప్పుడు గులకరాళ్ళు, నెమ్మదించాక బురద చేరి అవి పూడిపోయాయి. అదంతా రాయిగా మారి ఇప్పుడు నేలమీద ఉంది. అటువంటి చోట బోరు వేసి తీసిన రాతి కడ్డీలు, ఒకదానిపై ఒకటి పేర్చిన పెట్టెలలో వచ్చాయి. భూమిలో పైనుంచి లోతుకు ఏది ముందో, ఏది తరువాతో తెలిసేలా వాటికి వరుస అంకెలు వేయడం నా పని. మనం బావి తవ్వినప్పుడు మొదట తీసిన మన్ను కుప్పలో అడుగున ఉంటుంది కదా! ఆ అలవాటుతో అడుగు పెట్టెకు ఒకటో అంకె వేశాను. బోరు వేసినవారేమో భూమిలో ఉన్న వరుసలోనే, పైది పైనే పేర్చారు.

ఆ రాళ్ళను పరిశోధించే మా అధికారి, సార్, నా అంకెలు నమ్మి, బురద ముందు చేరిందనీ, గులకరాళ్ళు తరువాత వచ్చాయనీ నివేదిక వ్రాయసాగారు. గురువారం ఒక కడ్డీలో, మన బావి అడుగు బురదలో చూసినట్టే, గులకరాయి బరువుకు కింది బురద నొక్కుకుపోయిన గుర్తు చూశాను. నా అంకెల ప్రకారమైతే ఆ రాయి పైకి కూరుకుపోవాలి!

తోటి ఉద్యోగి ఖాజా భాయ్‌తో చెప్పాను.

"గ్రాడ్యుయేట్ సాబ్, చుప్ ఉండు. సార్‌కేం ఎర్క? నౌకరీ పక్కా కానీ, గప్పుడు చెప్పు."

"తప్పు అంకె నా చేత్తోటి ఏసిన భాయ్. గట్ల ఊకోలేను."

సార్ ముందు నిలబడి, బావి మన్ను కుప్ప లెక్కతో అంకెలు వేశానని ఒప్పుకున్నాను. ఆయన మొదట మండిపడ్డారు. తరువాత కడ్డీని చాలాసేపు తిప్పి చూసి, "బావులు తవ్వెటోళ్ళ ఇంట్ల పుట్టినవా ఏంది?" అన్నారు.

"అవును సార్. గందుకే తప్పు చేసిన. గందుకే పట్టుకున్న."

ఆయన నవ్వి, వ్రాసిన కాగితాలు చింపివేశారు. రెండు రోజులు అంకెలు చెరిపి మళ్ళీ వేశాను. నిన్న ఉద్యోగం ఖాయపరిచిన ఉత్తర్వు చేతికిచ్చారు. ఇకపై బోరు వేసే చోటికి నన్నే పంపుతారట. కడ్డీ బయటికి రాగానే అక్కడే అంకె వేయాలి. ఎండ తీవ్రంగా ఉంటుంది కనుక, మీరు బావి పనికి తలకు చుట్టుకునే రుమాలు ఒకటి పంపించవలసిందిగా కోరుతున్నాను. కొత్తది వద్దు.

పెద్దలకు నా వందనాలు, పిల్లలకు దీవెనలు. మీ ఆశీస్సులు కోరుతూ,

మీ తమ్ముడు,
నర్సయ్య