షెడ్డు గోడ మీది నాగమణి

మంగళవారం రాత్రి, ఆగిరిపల్లి తోట

నాగమణి ముఖాన్ని బావగారు గొడ్డలితో నరికేశారు. మా తోటలో కాయలు ఏరే నాగమణిని చూసి నేను షెడ్డు గోడ మీద వేసిన బొమ్మే, కానీ దెబ్బ పడ్డప్పుడల్లా నా దవడ అదిరింది. ముందు ఒక కన్ను రాలింది, తర్వాత పెదవులు. కింద చిన్నరసం మామిడికాయల బుట్టల నిండా సున్నం పెచ్చులు.

నా తప్పల్లా కాయలు కోసే చిక్కం గడను బొమ్మలో ఆమె చేతిలో పెట్టడం. మా తోటలో గడ పట్టేది మగవాళ్లు. ఆడవాళ్లు కింద కూర్చుని కాయలు ఏరతారు.

"ఆడదాని చేతికి గడ ఇస్తే కాపు నిలుస్తుందా? అమ్మవారి బొమ్మ వేసుకోమ్మా, ఎవరొద్దన్నారు," అన్నారు బావగారు. అమ్మవారి చేతిలో కత్తి ఉన్నా ఆయనకు అభ్యంతరం లేదు.

వందల ఏళ్లు ఆడవాళ్లను బొమ్మకు కూర్చోబెట్టారే గానీ కుంచె పట్టనివ్వలేదని బళ్లో పిల్లలకు చెప్పేది నేనే. ఇవాళ కుంచె నా చేతిలోనే ఉంది. అయినా పక్కకు తప్పుకుని ఆయనకు దారిచ్చాను.

గొడ్డలిని గోడకి ఆనించి ఆయన భోజనానికి వెళ్లారు. దాన్ని తీసుకుని ఆయన మెడ మీద... ఆ ఆలోచన ఇంకా చల్లారలేదు.

బుట్టల పక్కనుంచి అంతా చూసిన నాగమణి మాత్రం తాపీగా కొంగు మీది సున్నం దులుపుకుంది.

"మళ్లీ వెయ్యండమ్మా. ఈసారి గడ వద్దు, ఆ గొడ్డలి పెట్టండి."

"ఆయన మళ్లీ నరుకుతారు, నాగమణీ."

"రమ్మనండి. ఈసారి నేనూ ఖాళీ చేతుల్తో నిలబడను."

గొడ్డలికి నల్లరంగు కావాలి. డబ్బా అడుగున కొంచెం ఉంది.