క్షమాపణ రాసివ్వను, అప్పా

తుమ్మపాలలో ఉన్న అప్పకి,

నీ చెల్లెలు నూకరత్నం నమస్కరించి రాస్తున్నది. నేనిక్కడ హైదరాబాదులో బాగానే ఉన్నాను. నువ్వు, బావ, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? ఫోన్ ఉండగా ఈ ఉత్తరమెందుకని అనుకుంటావు. ఫోన్లో అయితే నువ్వు ఏడుస్తావు, నేను గొంతు పెంచుతాను, చెప్పాల్సింది అక్కడే ఉండిపోతుంది.

ఆసుపత్రి గేటు దగ్గర సెక్యూరిటీ పని అలవాటైపోయింది. పొద్దున చలి బాగా ఉంటోంది, నువ్విచ్చిన శాలువా కప్పుకునే వెళ్తున్నాను. హాస్టల్లో తిండికి లోటు లేదు గానీ ఏ కూర తిన్నా ఒకటే రుచి. ఎవరైనా ఇటు వస్తుంటే కాసిని ఎండు మెత్తళ్ళు పంపు, చేపల కూర తిని ఎన్నాళ్ళో అయింది. ఆదివారాలు మాత్రం గడవవు. గదిలో వాళ్ళంతా బయటికి పోతే నేను బట్టలకు గంజి పెట్టి ఇస్త్రీ చేసుకుంటాను. ఖాకీ లేకపోయినా చేతులకు ఆ అలవాటు పోలేదు.

ఇక్కడ ఆడ గార్డులకు కూర్చోవడానికి స్టూలు కూడా ఉండేది కాదు. అడిగాను. "పోలీసు నౌకరీ గిట్లనే పోగొట్టుకున్నవా?" అన్నాడు మా సూపర్‌వైజర్. "అవును సార్, ఇలాగే" అన్నాను. మర్నాటికి స్టూళ్ళు వచ్చాయి.

ఇక అసలు సంగతి. మా స్టేషన్ ఇన్‌స్పెక్టరు గారు బావ కొట్టుకి వచ్చి, "మీ మరదల్ని తప్పయిపోయిందని ఓ ముక్క రాసిమ్మనండి, మిగతాది నాను సూసుకుంటాను" అన్నారని మొన్న ఫోన్లో చెప్పావు. బావకి ఆయన మాట మంచిగానే తోచి ఉంటుంది. తప్పు నాదే. ఏం జరిగిందో మీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు, మీరు కంగారు పడతారని.

ఆ రోజు ఎవరో పెద్ద నాయకుడు వస్తున్నాడని నక్కపల్లి దగ్గర హైవే మీద మమ్మల్ని బందోబస్తుకి నిలబెట్టారు. తెల్లారకముందే వెళ్ళాం. ఆడవాళ్ళకి బాత్రూం ఏర్పాటు లేదు. అందుకని ఎవరూ నీళ్ళు తాగరు. అది మాకు మామూలే. నా పక్కన కుమారి, నా తోటి కానిస్టేబుల్, నన్నూ అప్పా అనే పిలుస్తుంది. అప్పటికి తనకి ఐదో నెల. మధ్యాహ్నానికి, "అప్పా, నా వల్ల కాదే, కళ్ళు తిరుగుతన్నాయి" అని రోడ్డు మీదే ఒరిగిపోయింది. ఆటో ఆపి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. బిడ్డ నిలవలేదు.

మర్నాడు రోల్ కాల్‌లో, ఆడవాళ్ళకి ఒక వ్యానైనా ఏర్పాటు చేయమని ఇన్‌స్పెక్టరు గారిని అడిగాను. "డ్యూటీకొచ్చేవా, పేరంటానికొచ్చేవా?" అన్నారు. అందరూ నవ్వారు. మగవాళ్ళే కాదు, మా వాళ్ళూ నవ్వారు, భయానికి. అప్పుడే పై అధికారికి అర్జీ రాశాను. ఆడ కానిస్టేబుళ్ళంతా సంతకాలు పెట్టారు.

అదే నేరమైంది. కష్టం చెప్పుకోవాలంటే ఎవరికి వారే చెప్పుకోవాలట, నలుగురు కలిసి రాస్తే క్రమశిక్షణ తప్పినట్టట. ఒక్కదాన్నే అడిగితే నవ్వారు, కలిసి అడిగితే తిరుగుబాటన్నారు. ఛార్జి మెమో ఇచ్చారు. విచారణలో ఒక్కొక్కరుగా మావాళ్ళంతా వెనక్కి తగ్గారు. నేనే బలవంతాన సంతకాలు పెట్టించానని చెప్పించారు. కుమారి చేత కూడా. వాళ్ళని ఎదురు ప్రశ్న అడుగుతానంటే నన్ను అడగనివ్వలేదు. డిస్మిస్ చేశారు.

అప్పీలు చేసుకున్నాను. పోయిన వారం విశాఖపట్నంలో పెద్ద అధికారి పిలిచారు. అంత దగ్గరికొచ్చి ఇంటికి రాలేదని కోపగించుకోకు. నీ మొహం చూస్తే ఆ కాగితం రాసిచ్చేస్తానేమోనని భయం వేసింది.

ఆయన నా ఫైలు తిరగేసి, "క్షమాపణ రాసివ్వమ్మా, చిన్న శిక్షతో పోతుంది" అన్నారు మెత్తగానే.

"రాయను సార్. నాను అబద్ధం రాయలేదు, ఎవుల్నీ తిట్టలేదు. నీళ్ళు తాగి నిలబడే వీలు కల్పించమన్నాను. అది తప్పంటే ఏ రూలు ప్రకారం తప్పో మీరే రాసివ్వండి" అన్నాను.

ఆయన ఏమీ అనకముందే గుమ్మంలో కుమారి కనిపించింది. నన్ను పిలిచారని స్టేషన్లో విని, యూనిఫాంలోనే వచ్చింది. సెల్యూట్ కొట్టి, "నా ఇష్టంతోనే సంతకం పెట్టేను సార్. ఉద్యోగం పోద్దని బయపెడితే బలవంతాన పెట్టేనని చెప్పేను. పోయింది నా బిడ్డ సార్. ఇంక దేనికి బయపడాలి?" అంది. ఆయన కుమారి మాటలు రాయించుకున్నారు.

నిన్న ఆర్డరు అందింది. డిస్మిస్ కొట్టేశారు. విచారణ మళ్ళీ మొదట్నుంచి చేయమన్నారు, సాక్షుల్ని నేను ప్రశ్నించవచ్చు. అప్పటిదాకా సస్పెన్షన్. గెలిచానని కాదు. కానీ ఈసారి ఇన్‌స్పెక్టరు గారు నా ఎదుట కూర్చుని నా ప్రశ్నలకి జవాబు చెప్పాలి.

అందుకే ఇక్కడి పని మానేసి వచ్చేస్తున్నాను. బావకి చెప్పు, ఇన్‌స్పెక్టరు గారు మళ్ళీ కొట్టుకి వస్తే మర్యాదగా టీ ఇచ్చి, నేను రాసివ్వనని చెప్పమను. బావకి, అత్తయ్యకి నా నమస్కారాలు, పిల్లలకి ముద్దులు. నువ్వు ఏడవకుండా నన్ను దీవించు.

ఇట్లు,
నీ చెల్లెలు,
నూకరత్నం, మహిళా కానిస్టేబుల్