చేతి నీడ పడని దీపం

1999 జనవరి 11
నాన్న మళ్ళీ అదే మాట. "ఆడోల్ల సిన్న వాచీలు నీవల్ల కాదే అమ్మీ. ఈ పన్లో నా కళ్ళు పోనాయి, నీవీ పోతాయి. కొట్టు ఇచ్చీద్దాం." అడుగుతున్నది పక్క బట్టల కొట్టాయన. నెలాఖరుకి చెప్పాలట.
నా కళ్ళకేం కాలేదు. తప్పు బల్లమీది బల్బుది. వేడి... అద్దం మీద మెరుపు... చెయ్యి పెడితే నీడంతా పని మీదే.

జనవరి 16
ట్యూబ్‌లైటు కిందికి దించి చూశాను. నీడ పోయింది. వాచీలో వెంట్రుకంత సన్న తీగ, హెయిర్ స్ప్రింగ్, దాని చుట్లూ కనబడకుండా పోయాయి — అంతా ఒకటే తెలుపు.

జనవరి 19
అక్క మొగుడు రమణ బావ కలకత్తా నుంచి కొత్తరకం తెల్ల ఎల్‌ఈడీలు ఐదు తెచ్చాడు. శనగగింజంత దీపాలు. "బేటరీకి తిన్నగా తగిలించీకు పిల్లా, మద్దెన రెసిస్టర్ ఎయ్యి." రైల్వే సిగ్నల్ షెడ్డు మనిషి, తెలిసే చెప్పాడు. వినలేదు. ఒకటి మాడింది.

జనవరి 21
ఒక్కటి చాలదు, నీడ కత్తిలా పడుతోంది. ఎడమ రెండు, కుడి రెండు, బాగా కిందికి. ముందు బటర్ పేపర్ అడ్డం. మెత్తబడింది. కానీ ఇత్తడీ ఉక్కూ ఒకేలా పాలిపోయాయి. పాత బల్బుని గోడవైపు తిప్పి వెలిగించా — ఇత్తడి మళ్ళీ పచ్చగా.
కుదిరింది.

జనవరి 25
బడిలో పాఠాలు చెప్పే బెంగాలీ దీదీ వాళ్ళమ్మ వాచీ. ఆవిడ పోయాక పెట్టెలోనే ఉందట. ఇద్దరు వాచీలవాళ్ళు బాగుకాదన్నారు. గోరంత వాచీ, హెయిర్ స్ప్రింగ్‌లో చుట్టు మీద చుట్టు ఎక్కి చిక్కుపడింది. చిక్కు ఎక్కడుందో కనబడింది. స్పష్టంగా. సూదిమొనతో విడదీశాను. చక్రం ఊగింది.
దీదీ చెవికి ఆనించుకుంది. "చొల్ఛే" అంది. నడుస్తోంది. కళ్ళు తుడుచుకుంది.
నేను గెలిచాను. ఇక్కడ రాసుకుంటే తప్పేముంది.

జనవరి 27
నాన్నని బలవంతాన బల్ల దగ్గర కూర్చోబెట్టి భూతద్దం ఇచ్చాను. కంటికి ఆనించి వంగాడు.
"ఏటే ఇది... సుట్లు కనిపిస్తన్నాయి."
"కనిపిస్తన్నాయా?"
"బల్బు కింద అంతా మసకే ఉండీది." మళ్ళీ వంగాడు. "ఆ బట్టలాయనకి లేదని సెప్పీ."
వెళ్ళి చెప్పాను. తిరిగొస్తుంటే దారంతా నవ్వే.

జనవరి 30
పొద్దున్న వెళ్ళేసరికి నా కుర్చీలో నాన్న. రెండు వాచీలు విప్పేసి ఉన్నాయి. "నువ్వెల్లి టీ తాగొచ్చీ" — తల ఎత్తలేదు. తాగొచ్చాను. ఇంకా అక్కడే.
బల్ల ఒకటే. ఇంకో దీపం చెయ్యడానికి ఎల్‌ఈడీలు మిగల్లేదు. లేవమనడానికి నోరు రావడం లేదు...