నీలం డబ్బాలో ఆయిల్

ప్రియమైన చిన్నోడికి,

ఓడ ఇంజను గదిలో ఊపిరాడుతోందా? ఇక్కడ అందరం బాగున్నామని రాయాలని ఉంది. రాయలేను.

మీ బావకి మాట ఇంకా రాలేదు. పక్షవాతం వచ్చిన ఎడమ చెయ్యి అలాగే ఉంది. సాయంత్రం మాత్రం కారు తీస్తాను. నేను క్లచ్ తొక్కితే, పక్క సీట్లోంచి ఆయన కుడిచేత్తో గేరు మారుస్తారు. ముప్పయ్యేళ్లు టాక్సీ నడిపిన చెయ్యి. ఇప్పుడు రోజంతటికీ దానికి అదొక్కటే పని.

నెల నుంచి మూడో గేరు వెయ్యగానే గర్రుమంటోంది. ఆయన చెయ్యి లాక్కుని, దానికేసే చూసుకుంటున్నారు. అది కూడా చచ్చుబడుతోందని అనుకుంటున్నారు. ఆయిల్ షాపతను, "పాత బండి కదమ్మా, పెద్ద నంబరు ఆయిల్ పొయ్యండి, దెబ్బకి దారికొస్తుంది" అంటున్నాడు. పొయ్యమంటావా?

నీ క్షేమం కోసం రోజూ దణ్ణం పెట్టుకునే
అక్క

*

ప్రియమైన అక్కకి,

వద్దే తల్లీ! అతనికి మన బండి మీద ఏం పగో! ఆ పెద్ద నంబరు, జీఎల్-5, వెనక ఇరుసుకి. అందులో కలిపే మందు పాత గేరుబాక్సులో ఇత్తడి రింగుల్ని తినేస్తుంది. గేర్లు అరవకుండా కలిపేవి ఆ రింగులే. గేరుబాక్సుకి జీఎల్-4 పొయ్యాలి.

షెడ్డులో రెండు డబ్బాలున్నాయి. ఎర్రది ఇరుసుకి, నీలంది గేరుబాక్సుకి. బయల్దేరే ముందు నీలం దాంట్లోంచే మార్చాను. తగ్గి ఉంటుంది, మిగిలింది పోయించు.

బావ చేతికేం కాలేదని చెప్పు. నేనొచ్చాక, నాకు గేరు వెయ్యడం రాదని ఆయనే తిట్టాలి.

నీ మసిమొహం తమ్ముడు

*

ప్రియమైన చిన్నోడికి,

పోయించాను. అరుపు పెరిగింది. మెకానిక్కు ఆయిల్ దించాడు. పళ్ళెంలో బంగారం పొడి కలిపినట్టు మెరిసింది. వేలు ముంచి చూశాడు.

"ఇత్తడమ్మా. రింగులు అయిపోయాయి."

"కొత్తవి?"

"ఈ బండికి ఇప్పుడెవరు చేస్తున్నారు?"

నీకొక మాట చెప్పాలి. నువ్వు ఆయిల్ మార్చడానికి వారం ముందు షెడ్డు సర్దాను. ఎర్ర డబ్బా అడుగు తుప్పుపట్టి కారుతోంది. రెండిట్లో ఆయిలూ ఒకే రంగు, ఒకే వాసన. వృథా అవుతుందని అందులోది నీలం దాంట్లో పోసేశాను. ఖాళీ డబ్బా పారెయ్యబుద్ధి కాక అక్కడే పెట్టాను. నీకు చెప్పడం మరిచాను. పొదుపు చేశాననుకున్నాను.

మెకానిక్కు వెళ్ళాక కార్లో కూర్చోబెట్టి ఆయనతో చెప్పాను. "తప్పు మీ చేతిది కాదండీ. నా చేతిది."

ఆయన నా చెయ్యి తీసి గేరు కర్ర మీద పెట్టి, పైన తన చెయ్యి వేశారు. ఒకటి. రెండు. మూడు. ఇంజను ఆగి ఉంది కదా, ఏదీ అరవలేదు.

ఓడ ఆగిన ప్రతి రేవులో రింగులు అడుగు. దొరకవని తెలుసు. అయినా అడుగు.

అప్పట్నుంచి మేమిద్దరం రోజూ సాయంత్రం షెడ్డులోనే, ఆగిన కార్లో కూర్చుంటున్నాం. నేను క్లచ్ తొక్కుతాను. దేవుణ్ణి రింగులు అడగలేదు. ఆ చెయ్యి ఒక్కటీ ఉంచమన్నాను.

అక్క