లాలితోని మాట్లాడితే లెక్కలు తప్పుతయట!

మానుకోట,
1983, దసరా సెలవులైనంక

సునందకు నీ లాలి రాసేది.

"నేనిక్కడ క్షేమం, నువ్వక్కడ క్షేమమని తలుస్త" అని మొదలువెట్టుడు పద్ధతట. నేను రాయ. నాకిక్కడ క్షేమం లేదు, ఒళ్లు మండుతున్నది.

సెలవులకు తండాకు పోయొచ్చిన గదా. బడి తెరిచిన్నాడు క్లాసుల అడుగువెట్టంగనే అందరు నోళ్లు మూసుకున్నరు. "ఎప్పుడొచ్చినవే గంగీ?" అనడిగితే అది కిటికి దిక్కు చూసింది. నువ్వు జనగామకు పోయినంక ఖాళీ అయిన మన బెంచి మీద ఒక్కరు కూసుంటలేరు. హాస్టల్ల అన్నం కాడ నేను కూసుంటే పక్కపొంటి ఉన్నోళ్లు కంచాలెత్తుకొని లేస్తున్నరు.

ఆఖరికి వంట చేసే సోమక్క చెప్పింది. సెలవులల్ల అందరిండ్లకు పోస్టు కార్డులొచ్చినయట. "లాలితోని మాట్లాడినోళ్లకు లెక్కల పరీక్ష తప్పుతది. ఈ కార్డు అందినోళ్లు ఏడుగురికి రాయాలె. రాయకుంటే కండ్లు పోతయి" అని. దేవుని కార్డులు రాస్తరు చూడు, అచ్చం గట్లనే! ఇది లీలావతి పనే. నన్ను క్లాస్ లీడర్‌ను చేసిన కాడికెల్లి దానికి కడుపుమంట. నేను "సప్పుడు చేయకుండ్రి" అంటే నా మాటను ఎక్కిరిచ్చి, "తండాల మేకలకు చెప్పుకోపో" అన్నది.

మా బాపు మోతీలాల్ సంగతి నీకెరుకే. ఈ ముచ్చట ఎవ్వలో చెవినేసిండ్రు. "నీతోని ఎవ్వలు మాట్లాడని బడిల నీకేం పని? ఇంటికొచ్చి మిరప తోటల కూలికి పో" అంటున్నడు. నేను పోనే! పదో తరగతి పాసు గాకుండ ఈడికెల్లి కదల. మనుషులు మాట్లాడకుంటే గోడతోని మాట్లాడుత, ఏం పాయె?

ఇట్లు,
అస్సలు తగ్గని
లాలి

తా.క.: నీకు గూడ కార్డొచ్చిందా? నిజం చెప్పు. ఈ ఉత్తరం చదివినవు గనుక నీ లెక్కలు ఎట్లాగు పోయినయి.

*

జనగామ

ఓ లాలీ, నా బంగారమా,

కార్డు నాకూ వచ్చింది. పొయ్యిల పెట్టిన. కండ్లు బాగానే ఉన్నయి. లెక్కలంటవా, అవి నాకెన్నడొచ్చినయి గనుక పోవుటానికి?

నువ్వు తండాకు పోయినవో నా మీద ఒట్టే! ఈడ నా బతుకు గూడ గిట్లనే ఉన్నది. మా నాయిన బదిలీ పుణ్యాన ఈ బడిల "మానుకోట నుంచొచ్చిన పిల్ల" అనేదే నా పేరు. ముచ్చట పెట్టటానికి ఒక్క మనిషి లేదు. నువ్వు గూడ కూలికి పోతే నేనెవ్వలకు రాసుకోవాలె?

లీలావతి ఏమనుకున్నది? కార్డులు దానికొక్కదానికే దొరుకుతయనుకున్నదా? ఆ క్లాసోళ్లకు కార్డంటే భయం గదా, ఉండు చెప్త. ఏం చేస్తున్నవని మాత్రం అడగకు.

ఉంట మరి,
పళ్లు పటపట కొరుకుతున్న
సునంద

తా.క.: ఇంట్ల కార్డులన్ని ఏమైనయని మా అమ్మ అరుస్తున్నది. రఘునాథపల్లిల అమ్మమ్మకు రాసిన అన్న. "అమ్మమ్మ మీద నీకింత పావురం, ఇంత ప్రేమ ఎప్పుడొచ్చిందే?" అని నా నుదురు పట్టి జరం చూసింది.

*

మానుకోట

సునందా,

మనుషులు మారిపోయిండ్రే! నువ్వు నమ్మవు, మన క్లాసోళ్లు నాకు బెల్లం తెచ్చి పెడుతున్నరు!

మొదలు గంగి తెచ్చింది. నా ముందట పెట్టి, కండ్లు మూసుకొని, ఏమో గొణుక్కొని పోయింది. చేసిన పాపానికి సిగ్గుపడుతున్నది పాపం అనుకొని, "పో, క్షమించిన" అన్న. దాని మొఖం చూడాలె, దీపమోలె వెలిగింది! తెల్లారి లైను కట్టిండ్రు. ఒక్కొక్కరిని క్షమించుకుంట పోయిన. లీలావతి గూడ మొఖం ముడుసుకొని ఇంత బెల్లం గడ్డ తెచ్చింది. దాన్ని మాత్రం జర సేపు నిలవెట్టి క్షమించిన.

కాని ఒకటి అర్థమైత లేదే. క్షమించినంక గూడ నాతోని ముచ్చట పెట్టరు. దండం పెట్టి ఎనుకకు ఎనుకకు నడుసుకుంట పోతరు. గిదేం దోస్తానా?

ఇట్లు,
బెల్లం తిని పళ్లు గుంజుతున్న
లాలి

తా.క.: ఇయ్యాల లెక్కల హన్మంత్ సారు గూడ బెల్లం పెట్టి "వరంగల్ బదిలీ, వరంగల్ బదిలీ" అని గొణిగిండు. ఆయన నాకేం పాపం చేసిండో తెల్వది. అయినా క్షమించిన.

*

జనగామ, అర్జెంటు

లాలీ,

నీకు దండం పెడుత, క్షమించుడు బందుపెట్టు!

కార్డులు రాసింది నేనే. "లాలిని మంచిగ పలకరిచ్చి జర బెల్లం పెట్టినోళ్లు పాసైతరు, ఏడుగురికి రాయాలె" అని రాసిన. అంతే రాసిన, అమ్మతోడు! అది చేతులు మారుకుంట డోర్నకల్ పోయింది, టేకుమట్ల పోయింది, ఎవ్వలకు తోచింది వాళ్లు కలిపిండ్రు. నిన్న అది తిరిగి తిరిగి మా ఇంటికే వచ్చింది. ఏమున్నదో చూడు: "మానుకోట బడిల లాలి తల్లి వెలిసింది. బెల్లం పెట్టి కోరుకోవాలె. తల్లి నోట 'క్షమించిన' అని వస్తే పని అయినట్టే."

మా అమ్మ శకుంతలమ్మ ఆ కార్డును కండ్లకద్దుకున్నది. మా బర్రె దూడను తంతున్నది, పాలిస్తలేదు. బేస్తారం, అదే గురువారం, ప్యాసింజరు రైలుకు బెల్లం మూట పట్టుకొని నీ కాడికే వస్తున్నది! ఆ లాలి నువ్వే అని ఆమెకు తెల్వది. చచ్చినా నా పేరు చెప్పకు.

ఇట్లు,
వణుకుతున్న
సునంద

తా.క.: వచ్చినంక ఎట్లాగు దొరికిపోతం గనుక, ఆ బర్రె సంగతి నీతోని ఏమన్న అయితే చూడు.

*

మానుకోట, బేస్తారం

సునందా, కూసొని చదువు.

పొద్దుగాల బడి గేటు కాడ జాతరే అయింది. మన బడి పెద్ద టీచరు రాధమ్మ మొఖం జేవురించింది. "బడిని గుడి చేసినవు" అని నాకు టీసీ రాసి, బాపును పిలిపిచ్చింది. బాపు నా పెట్టె తీస్కపోను ఎద్దులబండి గూడ తెచ్చిండు.

అయినా అరుగెక్కిన. "నేను తల్లిని గాదు, తొమ్మిదో తరగతి లాలిని! నేను పాసవుడే కష్టం, మిమ్ములనేం పాసు చేస్త?" అని ఒర్రిన. "తల్లి మనలను పరీక్షిస్తున్నది" అని ఇంకిన్ని దండాలు పెట్టిండ్రు!

అప్పుడు ఒకామె ఉరికొచ్చి నా కాళ్ల మీద పడ్డది. "నా బిడ్డ లీలావతికి జర బుద్ధియ్యి తల్లీ" అన్నది. లీలావతి పరుగున వచ్చి, "లే అమ్మా! అది దేవత గాదు, మా క్లాసు పిల్ల, మా లీడరు!" అని కేకేసింది. నేను ఇడుస్తనా? "ఎనుకోళ్లకు ఇనవడలే, గట్టిగ చెప్పు" అన్న. చెప్పింది. "మరి నాతోని మాట్లాడొద్దని కార్డు రాసిందెవ్వలు?" అన్న. "నేనే" అని ఏడ్సింది.

రాధమ్మ టీచరు అయినా టీసీ చాపింది. నేను చేతులు ఎనుకకు కట్టుకున్న. "కార్డు రాసింది అది, టీసీ నాకా? తీసుకోను!" అన్న. బాపు ఏమన్నడో తెలుసా? "నా బిడ్డను నేను తోలుకపోతే అది వేరు. మీరు గెంటితే మాత్రం తీస్కపోను. ఇది ఈడనే చదువుతది" అని బండి ఎనుకకు మలిపిండు. నాకు ఏడుపాగలే.

ఇంతల బెల్లం మూటతోని మీ అమ్మ. "ఓసి, మా ఇంట్ల బువ్వ తిన్న లాలివి గదనే! మరి ఈ బెల్లం కార్డు ఎవ్వలు రాసిండ్రే?" అన్నది. నీకు మాటిచ్చిన గదా, నోరు తెరువలే. నేను నోరు తెరువలేదంటేనే మీ అమ్మకు మొత్తం సమజయింది.

చక్కగ రాధమ్మ టీచరు కాడికి పోయి, "టీసీ ఇస్తే ముగ్గురికియ్యి. ఈ పిల్లకు, ఆ లీలావతికి, ఎప్పుడో టీసీ తీస్కపోయిన నా బిడ్డకు ఇంకోటి" అన్నది. లీలావతి నాయిన పంచాయతి సమితి ప్రెసిడెంటాయె, దానికెట్లిస్తరు? నాది గూడ చింపిండ్రు. మీ అమ్మ కోపం మాత్రం చల్లారలే. "నా బిడ్డను ఈ హాస్టల్లనే వేస్త. ఈ నీళ్ల పప్పు తింటెగాని దాని తిక్క కుదరది" అని అప్పుడే పేరు రాయిచ్చింది. నా పక్క మంచమే ఖాళీగున్నదని నేను చెప్పలే, సోమక్క చెప్పింది.

ఇట్లు,
నీ కోసం బెంచి తుడిసిపెట్టిన
లాలి

తా.క.: మీ అమ్మ డోర్నకల్ల మీ చిన్నమ్మ ఇంటికి పోయింది, ఆదివారం ఇల్లు చేరుతది. "నిన్ను హాస్టల్ల వేస్తున్న" అని చెప్పంగనే ఏడ్వు. గట్టిగ, నేల మీద పడి ఏడ్వు. సంబురం బయటపడ్డదనుకో, నిన్ను జనగామలనే ఉంచుతది!