అక్క బూట్లకు కొత్త మడమలు

అక్కా,

వార్డులోని విషజ్వరం నిన్ను తీసుకుపోయి నేటికి ఏడాది. ఇది నీకు చేరదని తెలుసు. అయినా చెప్పకపోతే నాకు కాలు నిలవడం లేదు.

దండు ఆసుపత్రిలో నర్సుగా పగలంతా తిరిగొచ్చి, వేన్నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని, "బూట్లు కుట్టేవాడివి, ఈ మడమ నొప్పికి ఏమన్నా చెయ్యరాదా?" అనేదానివి. యుద్ధం రోజుల్లో రబ్బరు దొరకలేదు. ఇప్పుడు దొరికింది. లోపల బోలుగా, అడుగు వేస్తే మెత్తగా అణిగే రబ్బరు మడమలు చేశాను. అరిగితే స్క్రూలు విప్పి వేరేవి బిగించుకోవచ్చు.

నీతో పనిచేసిన నర్సు సరోజమ్మకు మొదటి జత ఇచ్చాను. మెట్ల మీద ఊడితే ఆమె పడిపోతుందేమోనని ఈ వారమంతా అంగట్లో కూర్చోలేక వీధిలోకీ లోపలికీ తిరుగుతూనే ఉన్నాను. ఈరోజు మధ్యాహ్నం ఆమె వచ్చింది.

"ఊడలేదప్పా. సాయంత్రమైనా మడమలు గుంజడం లేదు," అనింది.

వెంటనే అంగడి మూసి ఇంటికి పరుగెత్తాను. అమ్మ దాచుకున్న నీ తెల్ల బూట్లు తీసి ఒక పాత మడమ ఊడబెరికాను. అమ్మ వచ్చి చెయ్యి పట్టుకుంది.

"మార్చద్దప్పా. బయటి పక్క ఎట్ల అరిగి ఉండాదో చూడు. నా బిడ్డ నడక అట్లే ఉండాది దాంట్లో."

కొత్త మడమలు జేబులో వేసుకున్నాను. వంగిన మేకులు సరిచేసి, పాత మడమను వాటి బెజ్జాల్లోనే మళ్ళీ మెల్లగా కొట్టాను.

నీ తమ్ముడు